కొలతల పుస్తకం వెనక పేజీలు

"అమ్మా, నీ కొలతల పుస్తకాలన్నీ ఓసారి ఇవ్వవా?" అని కూతురు అడిగినప్పుడు ఆ తల్లి పళ్ళ మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. ఉలిక్కిపడి మింగేస్తానేమోనన్న భయంతో ముందు వాటిని ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఆ తర్వాత తీరిగ్గా అసలు భయం మొదలుపెట్టింది.

"ఎందుకే చిట్టీ? ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"ఎవరేమంటారమ్మా? క్లబ్బుకి ఇరవయ్యేళ్ళు నిండుతున్నాయి. చిన్న పుస్తకం వేద్దామన్నారు మాస్టారు. ఎలా మొదలైంది, ఎవరెవరొచ్చారు, ఏ హాల్లోంచి ఏ హాల్లోకి మారాం, అంతా రాయాలి. ఆ పని నా నెత్తిన పడింది. మాస్టారి దగ్గర చూస్తే కాగితం ముక్క లేదు. రాసిపెట్టుకున్నది నువ్వొక్కదానివే."

అది నిజమే. జపాన్ కుస్తీలాంటి ఐకిడో నేర్పే ఆ మాస్టారు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఏ భవనంలో ఏ లిఫ్టు ఎన్నో అంతస్తు దగ్గర ఎలా మూలుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు గానీ, క్లబ్బులో నిరుడు ఎవరు చేరారో అడిగితే పైకప్పు వైపు చూస్తాడు. కుర్రతనంలో ఒక ఓడరేవులో పనిచేస్తూ అక్కడి ముసలి గురువు దగ్గర ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాడు. ఈ ఊరొచ్చాక ఒక ప్రింటింగ్ ప్రెస్సు గోడౌన్లో నాలుగు పరుపులు పరిచి క్లబ్బు పెట్టాడు. చేరిన మొదటి ఐదుగురిలో తొమ్మిదేళ్ళ చిట్టి ఒకతె.

చేర్పించింది వాళ్ళ నాన్న. తల్లి మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగో రోజు నుంచి తనూ వెంట వెళ్ళి గుమ్మం పక్క బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టింది. చేతిలో ఏదో ఒకటి లేకపోతే గోళ్ళు కొరుక్కుంటుంది కాబట్టి దర్జీ పని పుస్తకం పట్టుకెళ్ళింది. మొదటి సాయంత్రమే పిల్ల పదకొండుసార్లు కింద పడింది. పడ్డప్పుడల్లా పుస్తకం వెనక పేజీలో ఒక గీత గీసింది. లేచి నిలబడ్డాక ఆ గీత పక్కన టిక్కు పెట్టింది. టిక్కు పెట్టేదాకా ఊపిరి పీల్చలేదు.

"పడటమే చదువమ్మా ఇక్కడ. ముందు నేర్పేది అదే," అని మాస్టారు ఎంతో ఓపిగ్గా చెప్పాడు.

"అలాగే మాస్టారూ. నేర్చుకోనివ్వండి. నేను రాసుకుంటాను," అంది ఆవిడ.

అలా ఇరవయ్యేళ్ళు. ముందు నుంచి జనాల నడుములు, భుజాలు, చేతుల పొడవులు. తిరగేస్తే వెనక నుంచి తేదీలు, పేర్లు, పడటాలు, టిక్కులు. కూతురితో మొదలైనా కొన్నాళ్ళకు అందరివీ రాయకుండా ఉండలేకపోయింది. వాళ్ళకూ తల్లులుంటారు కదా, పాపం, చూసుకునేందుకు రాలేకపోయారు. గోడౌన్ నుంచి బడి వ్యాయామశాలకు, అక్కణ్ణుంచి లాండ్రీ పైనున్న ఇప్పటి హాలుకు క్లబ్బు మారిన తేదీలున్నాయి. నేలంతా ఫోమ్ షీట్లు పరిచి వాటిపైన ఒకే పెద్ద కాన్వాసు బిగించి కట్టాలనుకున్నప్పుడు, ఆ కాన్వాసు ముక్కలన్నీ ఆవిడే లావుపాటి సూదితో కలిపి కుట్టింది. ఆ తేదీ కూడా ఉంది. పెద్ద బెల్టులు వచ్చినవాళ్ళు తొడుక్కునే పావడాలాంటి నల్ల పాంట్ల అంచులు కుట్టేదీ ఆవిడే. కుట్టిన ప్రతిసారీ "కాళ్ళకు అడ్డం పడి చావడానికి కాకపోతే ఇంత బట్టెందుకు?" అని ఒక వేలెడు పైకి మడిచి కుట్టేది. అందుకే ఆ క్లబ్బులో అందరి చీలమండలూ కనిపిస్తాయి.

"నీ భయాలకి వేరే ఇల్లు చూడాలే, ఇందులో పట్టట్లేదు," అనేవాడు మొగుడు. నవ్వుతూనే అనేవాడు.

కూతురు అడిగిన మర్నాడు ఆవిడ పుస్తకాలన్నీ దులిపి కట్ట కట్టి ఇచ్చింది. పన్నెండు ఉండాలి. పదకొండు ఇచ్చింది.

ఏడో పుస్తకాన్ని మిషను డ్రాయర్లో, బొత్తాల డబ్బా కింద పెట్టింది. అందులో వెనక నుంచి ముప్ఫయ్యో పేజీలో ఒక గీత ఉంది. ఇరవయ్యేళ్ళలో వేల గీతల్లో టిక్కు లేనిది అదొక్కటే.

రెండ్రోజులు గడిచాయి. ఆ రెండ్రోజుల్లో ఆవిడ ఒక కాలరు తిరగేసి కుట్టింది, ఒక జేబు మూతి మూసేసి కుట్టింది. మూడో రోజు సాయంత్రం కూతురు తను పనిచేసే కళ్ళద్దాల షాపు నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది.

"అమ్మా, ఏడోది లేదేం?"

"చెదలు పట్టింది."

"మన ఇంట్లో చెదలా? వారానికోసారి బీరువాలన్నీ గుమ్మరించి దులిపేదానివి నువ్వు!"

"అదే నేనూ అనుకుంటున్నా, ఎలా పట్టిందో."

కూతురు కాసేపు తల్లి ముఖంలోకి చూసింది. దొరికిపోయాననుకుంది ఆవిడ. కానీ కూతురు అనుకున్నది వేరు. పక్కన కూర్చుని తల్లి మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాకు తెలుసులే. పోస్టామె పడిన పేజీ అందులో ఉంది. నేను చూస్తే బాధపడతానని దాచావు. ఏం అక్కర్లేదు, ఆ రోజు నాకు బాగా గుర్తుంది. రాసేశాను కూడా. చదవనా?"

ఆవిడ వద్దనేలోపే కూతురు సంచిలోంచి కాగితాలు తీసి చదివింది.

"'మన క్లబ్బు చరిత్రలో పెద్ద దెబ్బ ఒక్కటే తగిలింది. అది నా వల్ల తగిలింది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఎదుటివాళ్ళ పక్కకు చొరబడి, మెడ దగ్గర చెయ్యి వేసి వెనక్కి పడేసే పట్టు అభ్యాసం చేస్తున్నాం. దూరం చూసుకోకుండా, ఆత్రంగా విసిరాను. ఉత్తరాలు పంచే అక్క మోకాలు తిరగబడింది. ఆవిడ మళ్ళీ క్లబ్బుకు రాలేదు, మళ్ళీ వీధుల్లో ఉత్తరాలు పంచలేదు. ఆ మర్నాటి నుంచి మాస్టారు ఒక నియమం పెట్టారు. క్లాసుకు ముందు అందరూ వరసగా, వట్టి కాళ్ళతో, కాన్వాసు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవాలి, కింద ఏదన్నా తేడా ఉంటే అరికాళ్ళకు తెలిసేలా.' ఎలా ఉంది?"

"అది తీసెయ్యి."

"ఎందుకు తీసెయ్యాలి? జరిగింది కదా."

"ఎంతమంది చదువుతారో! రేపు మాస్టారు క్లబ్బు నీ చేతిలో పెడదామనుకుంటున్నారు గదా. ఇలా రాసుకుంటే..."

"పెడతారు, నేను తీసుకోను. చెప్పేశాను." కాగితాలు మడిచింది. "ఒక మనిషి కాలు తీసిన చేత్తో పిల్లలకి నేర్పమంటే ఎలాగమ్మా? ఇప్పటికీ ఆ పట్టు దగ్గరికొస్తే నా చెయ్యి సగంలో ఆగిపోతుంది. అందరికీ తెలుసు, ఎవరూ అనరంతే. మాస్టారికి మోకాళ్ళు పోయాయి, ఈ వేసవి దాటితే నేర్పలేరు. ఇంకెవరూ లేరు. మూసేస్తారు మరి, ఏం చేస్తాం."

కూతురు లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది. ఆవిడ మిషను ముందు అలాగే కూర్చుండిపోయింది.

క్లబ్బు మూసేస్తారు. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ ప్రతి సాయంత్రం మొక్కుకున్నది ఇదే. ఇక ఎవరూ పడరు. టిక్కులు పెట్టక్కర్లేదు. తీరా అది దగ్గరకొచ్చి కూర్చుంటే వద్దనిపిస్తోంది.

ఎందుకంటే ఆ మోకాలు తీసింది కూతురి చెయ్యి కాదు.

ఆ దెబ్బకు వారం ముందు, చిట్టి వెనక్కి పడినప్పుడు తల వెనక భాగం కాన్వాసుకు తగిలింది. మెల్లిగానే తగిలింది. పిల్ల నవ్వుతూ లేచింది. తల్లికి మాత్రం ఆ రాత్రంతా కళ్ళు మూస్తే అదే చప్పుడు. చిట్టి ఎప్పుడూ కిటికీ వైపు మూలలోనే నిలబడుతుంది. మర్నాడు మధ్యాహ్నం, ఊడిన కుట్లు చూడాలని చెప్పి హాలు తాళం తెప్పించుకుంది. తను కుట్టిన కాన్వాసు కుట్టే జానెడు విప్పింది. చిట్టి పసిపాపగా పడుకున్న బొంతను నాలుగు మడతలు వేసి సరిగ్గా ఆ మూల కిందికి తోసింది. మళ్ళీ కుట్టేసింది. పైకి చూస్తే ఏమీ తెలియదు. అరచేత్తో నొక్కి చూసుకుంది. మెత్తగా ఉంది. ఆ వారమంతా హాయిగా నిద్రపోయింది.

అయితే ఆ గురువారం మాస్టారు జతలు మార్చాడు. చిట్టి విసిరే మనిషి అయింది, పోస్టామె పడే మనిషి. పోస్టామె వెనక్కి అడుగు వేసింది. మడమ ఆ రెండువేళ్ళ ఎత్తు అంచుకు తట్టుకుంది. పాదం ఆగిపోయింది, ఒళ్ళు తిరిగిపోయింది. ఆ చప్పుడు బెంచీ దాకా వినిపించింది.

అందరూ కలిసి ఆవిణ్ణి మోసుకుంటూ మెట్లు దిగి కారెక్కిస్తుంటే, తల్లి హాల్లో ఒక్కతే మిగిలింది. దారం తెంపే చిన్న కత్తెరతో కుట్టు విప్పి, బొంత లాగి, సంచిలో కుక్కి, మళ్ళీ కుట్టేసింది. తొందరలో ఆ జానెడు కుట్టూ వంకరగా వచ్చింది. పన్నెండేళ్ళుగా కాన్వాసులో అదొక్క చోటే కుట్టు వంకర.

చెబితే కూతురు మొహం చూడదు. బెంచీ మీంచి లేచిపొమ్మంటారు. చెప్పకపోతే అబద్ధం అచ్చులోకెక్కి కూర్చుంటుంది. ఆవిడ ఆ రాత్రి అటూ ఇటూ దొర్లి, తెల్లారాక తన అలవాటు ప్రకారం రెండిట్లో తక్కువ భయం ఏదో ఎంచుకుంది. ముందు పోస్టామెకు చెప్పాలనుకుంది. పరాయి మనిషి తిట్టే తిట్లు కాస్త తేలిగ్గా ఉంటాయని.

బొంతను, ఏడో పుస్తకాన్ని ఒక గుడ్డలో మూట కట్టి పోస్టాఫీసుకు వెళ్ళింది. పోస్టామె ఇప్పుడు పార్సిళ్ళ కౌంటర్లో కూర్చుంటోంది. జుట్టు నెరిసింది. ముందు ఆరుగురున్నారు. వాళ్ళు తరిగేకొద్దీ ఆవిడ వెనకున్నవాళ్ళకు దారిస్తూ పోయింది. నలుగురికి ఇచ్చింది.

"అమ్మా, మూట పట్టుకున్నావిడా! ఇంకెంతమందిని ముందుకి పంపిస్తారు? రండి," అని లోపల్నుంచి కేక వినిపించింది.

మూట కౌంటరు మీద పెట్టింది. పోస్టామె తల ఎత్తకుండానే దాన్ని త్రాసు మీద వేసింది.

"కిలో నూట యాభై గ్రాములు. అడ్రసేది?"

"మీకేనండి."

అప్పుడు తల ఎత్తింది. ఒక్క క్షణం పట్టింది. "బెంచీ ఆంటీ!" అంది. క్లబ్బులో ఆవిడకున్న పేరదే. "బాగున్నారా? చిట్టి ఉత్తరం రాసింది, క్లబ్బుకి ఇరవయ్యేళ్ళు నిండుతున్నాయి, శనివారం రమ్మని. ఏంటిది?"

ఆవిడ చెప్పేసింది. గుక్క తిప్పుకోకుండా, కుట్టు విప్పడం దగ్గర్నుంచి మళ్ళీ వంకరగా కుట్టడం దాకా. వెనక నిలబడ్డ ఒక పెద్దాయన చెవి ఒగ్గి వింటున్నాడు. పోస్టామె మూట విప్పి బొంతను నాలుగు మడతలు వేసింది. బొటనవేలితో నొక్కింది.

"ఇంతేనా ఎత్తు?"

"ఇంతే."

"నేనేమనుకున్నానో తెలుసా ఆంటీ? లావెక్కాను కాబట్టే మోకాలు నా బరువు ఆపలేదనుకున్నాను. పన్నెండేళ్ళ నుంచి రాత్రిళ్ళు అన్నం మానేసి మజ్జిగ తాగి పడుకుంటున్నాను! మజ్జిగ!"

వెనక పెద్దాయన వచ్చిన నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. పోస్టామె నవ్వలేదు. మోచేతులు కౌంటరు మీద పెట్టి గొంతు తగ్గించింది.

"ఎండైనా వానైనా నాకు వీధుల్లో తిరగడం ఇష్టం. ఏ గుమ్మంలో ఏ కుక్క ఉందో తెలిసేది. అది పోయింది. దానికి మిమ్మల్ని ఇప్పుడేమనాలో నాకే తెలీట్లేదు. ఇంటికెళ్ళాక కోపమొస్తుంది నాకు, చూడండి. ఆ పిల్లకి చెప్పారా?"

"లేదండి. ముందు మీకు..."

"నాకు చెప్తే బరువు దిగుతుందని వచ్చారు. నేనెప్పుడూ ఆ పిల్లని తప్పుపట్టలేదు. కానీ తను తననే తప్పుపట్టుకుంటోందిగా. ఉత్తరంలో మూడుసార్లు రాసింది, క్షమించండక్కా అని." మూట మళ్ళీ కట్టి ముందుకు తోసింది. "ఇది నాది కాదు. అడ్రసు తప్పొచ్చింది. ముట్టాల్సిన మనిషికి ముట్టజెప్పండి. తర్వాత!"

తర్వాత అన్నది వెనకున్న పెద్దాయన్ని.

శనివారం మధ్యాహ్నం ఆవిడ లాండ్రీ పైకి ఇరవై రెండు మెట్లెక్కింది. ప్రతి మెట్టు మీదా ఆగింది. హాలు నిండా ఇస్త్రీ ఆవిరి వాసన. కింద బాయిలర్లు నడుస్తున్నాయేమో, నేల వెచ్చగా ఉంది. దులపడానికి తీసిన కాన్వాసును కూతురు ఒక్కతే మళ్ళీ పరుస్తోంది. గోడకు సభ్యుల పేర్లున్న చెక్కపలకలు వరసగా వేలాడుతున్నాయి. పోస్టామె పలక ఇంకా అక్కడే ఉంది. మాస్టారు దాన్ని ఎప్పుడూ తియ్యనివ్వలేదు.

తల్లి గుమ్మంలోనే మూట విప్పింది. "చిట్టీ, నీ పుస్తకంలో తప్పుంది," అని మొదలుపెట్టింది.

చెప్పడం అయ్యేదాకా కూతురు వంగే ఉంది. అయ్యాక కూడా లేవలేదు. కాన్వాసు మీద పాకినట్టు వెళ్ళి, కిటికీ వైపు మూలలో ఆ వంకర కుట్టు మీద వేళ్ళు వేసింది. ఒక్కొక్క కుట్టే తడిమింది.

"ఇది ఎలకలు కొరికితే వేశానన్నావు."

"అన్నాను."

"నేను నీ ఒళ్ళో పడుకుని ఏడ్చిన రోజు... మా చిట్టి తప్పేం లేదులే అన్నావు. అంతే అన్నావు."

"ఇంకోటి అనడానికి ధైర్యం చాల్లేదమ్మా."

"పన్నెండేళ్ళు చాల్లేదా?"

కింద లాండ్రీలో ఎవరో ఇనుప తలుపు మూసిన చప్పుడుకు ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కూతురు బొంతకేసి చూసింది గానీ ముట్టుకోలేదు.

"ఇవాళ నువ్వు బెంచీ మీద కూర్చోవద్దు."

అనుకున్నంతా అయింది. తల్లి తల ఊపి, మూట చంకలో పెట్టుకుని మెట్ల వైపు తిరిగింది.

"వెళ్ళమన్నానా? మూట అక్కడ పెట్టు. ఈ కొస పట్టుకో. ఒక్కదాన్నే ఎంతకని లాగను?"

ఇద్దరూ చెరో కొస పట్టుకుని కాన్వాసు లాగి బిగించారు. కూతురు లాగే ఊపుకు తల్లి రెండుసార్లు ముందుకు తూలింది. కూతురు ఆగలేదు, తూలనిచ్చింది.

అంతలో మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. మాస్టారు చేతికర్రతో వచ్చాడు. అందరికన్నా చివర, ఒక్కో మెట్టుకూ రెండు కాళ్ళూ కలిపి పెడుతూ పోస్టామె వచ్చింది. అందరూ కాన్వాసు అంచున వరస కట్టారు.

"నువ్వూ రా," అంది కూతురు తల్లికేసి చూడకుండా. "చెప్పులు విప్పి రా."

ఇరవయ్యేళ్ళలో ఆవిడ ఆ కాన్వాసు మీద సూది పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోవడమే గానీ ఎన్నడూ నడవలేదు. అరికాళ్ళకు బట్ట గరుగ్గా, కింద ఫోము మెత్తగా తగిలాయి. పడిపోతానేమోనని చేతులు చాచింది. వరసంతా ఆవిడ కోసం నెమ్మదించింది. మూడో వంతు దాటాక కుడికాలి కింద ఏదో చిన్నగా మడత తగిలింది. ఆగిపోయింది.

"ఇక్కడ," అంది.

మాస్టారు కర్ర కొసతో నొక్కి చూశాడు. రెండు ఫోమ్ షీట్లు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. నలుగురు కాన్వాసు ఎత్తి సరిచేశారు.

నడక అయ్యాక కూతురు అందరి ముందూ నిలబడి, ఈ నడక ఎలా మొదలైందో తను రాసింది తప్పని, అసలేం జరిగిందో చెప్పింది. తల్లి పేరు దాచలేదు. ఒక్కో మాటకూ ఆవిడ నేలలోకి కుంగిపోయింది. అంతా అయ్యాక మాస్టారు గడ్డం గోక్కున్నాడు.

"అయితే ఇది జపాన్ నుంచి వచ్చిన ఆచారం కాదని కొత్త పిల్లలకి చెప్పేయాలన్నమాట," అన్నాడు. "నేనే అలా చెప్తూ వచ్చాను. చెప్తూ చెప్తూ నేనే నమ్మేశాను."

పోస్టామె బెంచీ మీద కాలు చాపుకుని కూర్చుంది. "ఆంటీ, ఆ పుస్తకం, పెన్ను ఇలా ఇవ్వండి," అంది. ముప్ఫయ్యో పేజీ తీసి, పన్నెండేళ్ళ కిందటి గీత పక్కన ఒక టిక్కు గీసింది. చిన్నదే. "లేచాను. కాస్త ఆలస్యమైంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అది వేరే రాసుకోండి." తర్వాత చిట్టిని పిలిచింది. "ఏం చూస్తున్నావే? వెళ్ళు, ఆ పట్టు చూపించు. పూర్తిగా చూపించు. చూద్దామనే ఇన్ని మెట్లెక్కాను."

మాస్టారు తను కూర్చునే చోటి నుంచి పక్కకు జరిగాడు.

"ఇవాళ్టికే," అంది కూతురు. వెళ్ళి ఆ చోట కూర్చుంది. అందరూ వంగి నమస్కరించారు.

తల్లిని బెంచీ మీద కూర్చోవద్దన్నారు కాబట్టి ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. కూతురి సంచిలోంచి పన్నెండో పుస్తకం తీసి, వెనక నుంచి తిప్పి తేదీ వేసింది. 'నేర్పినది: చిట్టి' అని రాసింది. రాసి, ఎవరికైనా ఏదైనా అయితే ఇకనుంచి దాని పేరే చెబుతారు కదా అనుకుని మళ్ళీ భయపడింది.

ఒక కుర్రవాడు ముందుకొచ్చి చిట్టి మణికట్టు పట్టుకున్నాడు. ఆమె పక్కకు చొరబడింది. చెయ్యి లేచింది. సగంలో ఆగే చోటికి వచ్చింది. తల్లి కళ్ళు మూసుకోబోయి, మూసుకోలేదు.

చెయ్యి ఆగలేదు. కుర్రవాడు దబ్బున వెనక్కి పడ్డాడు. హాలంతా అదిరింది.

ఆవిడ గీత గీసి, పెన్ను గాల్లోనే పట్టుకుని, వాడు లేచేదాకా ఎదురుచూసింది.